అన్ని పడవల వెనక వచ్చే తెరచాప

నెల్లూరులో ఆమె సంతాప సభ జరిగింది. వేదిక మీద పూలదండ వేసిన ఫొటో, పక్కన బల్ల నిండా మెడల్సు, కప్పులు. మాట్లాడిన ప్రతి పెద్దమనిషీ ఆమె ఏ ఊళ్ళో ఫస్టు వచ్చిందో, ఏ దేశంలో మన జెండా పట్టుకుని నిలబడిందో చెప్పాడు. చివర్లో నన్ను కూడా పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. "బంగారం లాంటి మనిషి" అని మాత్రం అని వచ్చి కూర్చున్నాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో నా భార్య నన్ను వదిలిపెట్టలేదు. "సముద్రం మీద ఉంటే ఊరంతా ఇనపడేట్టు అరిచేవాడివి గదా. ఆ యమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమంటే నాలిక మడత బడిందా?" అని దెప్పింది.

నోటితో చెప్పలేనిది చేత్తో రాయవచ్చు కదా అని ఇప్పుడు కూర్చున్నాను. మా మత్స్యశాఖలో కొత్తగా చేరే పిల్లలు, కాలేజీల్లో పడవ పోటీలకు తయారయ్యే పిల్లలు చదివితే చాలు. ఆమె ఫస్టు వచ్చిన సంగతులన్నీ మీకు ఫోనులో దొరుకుతాయి. నేను చెప్పేది ఆమె లాస్టు వచ్చిన సంగతి.

నేను మత్స్యశాఖ లాంచి మీద సరంగుగా పనిచేసి రిటైరయ్యాను. సరంగు అంటే లాంచి నడిపేవాడని అర్థం. అసలు అర్థం ఏమిటంటే, ఇంజను మొరాయిస్తే దాన్ని తిట్టాలి, ఆఫీసర్లు వాంతులు చేసుకుంటే నిమ్మకాయ ఇవ్వాలి, ఏం జరిగినా తప్పు తనదేనని ఒప్పుకోవాలి. మొదటి రెండూ బాగా చేశాను. మూడోది నా వల్ల కాలేదు. నాకు కోపం జాస్తి. మా పాస్టరు గారిని అడిగినా ఇదే చెబుతారు, ఆయనతో కూడా ఒకసారి తగువు పడ్డాను.

ఉద్యోగం చివరి ఏళ్ళలో మా లాంచి జువ్వలదిన్నె వైపు ఉండేది. లాంచి మీద నేనూ, ఒక ఖలాసీ. వాడు తాళ్ళు కట్టడంలో అంతంతమాత్రమే గానీ చేపల పులుసు పెడితే పక్క పడవల వాళ్ళు కూడా కంచాలు పట్టుకొచ్చేవాళ్ళు. మా పైన ఆఫీసరు గారు. మంచి మనిషి, ఒడ్డున పులి. లాంచి ఎక్కాడంటే పిల్లి. పాపం, సముద్రమంటే పడని మనిషికి సముద్రం మీదే ఉద్యోగం వచ్చింది.

ఆ ఆఫీసరు గారే ఒకరోజు ఆమెను వెంటబెట్టుకొచ్చి, "సరంగూ, ఈ అమ్మాయి పడవ పందేల్లో చాంపియను. మన తీరం అంతా తిరిగి చూస్తుందంట. తాబేళ్ళు, చేపలు, అడుగున రాళ్ళు, అన్నీ. ఎక్కడికి రమ్మంటే అక్కడికి లాంచి తీసుకుపో" అన్నాడు. చూశాను. ఎండకు నల్లబడిన మొహం, పొట్టి జుట్టు, అరచేతులు మా ఖలాసీ చేతుల కంటే మొరటు. నాకు ఒళ్ళు మండింది. చాంపియన్లకు సొంత పడవలు ఉంటాయి కదా, నా లాంచి ఎందుకు?

"మీదే ఊరమ్మా?" అన్నాను.

"వెంకటాచలం పక్కన పల్లెటూరన్నా. మా నాయనకి కయ్యలుండాయి. వరి వేస్తాడు."

"వరి కయ్యల్లో పడవ నేర్చుకున్నావా?"

"కాలేజీలో ఎన్.సి.సి. నేవీ వాళ్ళు నేర్పినారు. మా నాయన ఇప్పటికీ నమ్మడు. కయ్యలో కాలు జారే పిల్లవి, సముద్రంలో ఏం నిలబడతావు అంటాడు."

అంటూ పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకే సగం కోపం దిగిపోయింది. మిగతా సగం ఆమె మా ఖలాసీ పులుసు మూడోసారి వడ్డించుకున్నప్పుడు దిగింది.

పోటీలు ఎందుకు మానేసిందో ఆమె ఎవరికీ వివరంగా చెప్పేది కాదు. నాకు లాంచి మీద ఒక మధ్యాహ్నం చెప్పింది. పెద్ద పోటీ, అది గెలిస్తే మళ్ళీ విదేశాలకు పంపుతారు. ఆమె ముందుంది. ఉన్నట్టుండి పడవను ఎవరో వెనక్కి లాగినట్టయింది. దిగి చూస్తే ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న వల, పడవ అడుగు పలకకు చుట్టుకుంది. ఆ వలలో ఒక పెద్ద తాబేలు. తాబేలు కూడా మనలాగే పైకొచ్చి ఊపిరి పీల్చాలి, వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుంది. ఆమె కోసి తీసేసరికి దాని కాళ్ళు ఇంకా కదులుతున్నాయట. ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి కదలిక ఆగిపోయింది. పక్కనుంచి పడవలన్నీ వెళ్ళిపోయాయి.

"అందరూ నేను ఓడిపోయినానని జాలిపడ్డారు సరంగన్నా. నాకేమో అది నా ఒళ్ళో చచ్చిపోయిందే అని ఏడుపు" అంది. అంతే. మళ్ళీ పోటీకి పోలేదు.

అలాంటి వలలు ఎక్కడున్నాయో చూడటానికే తీరమంతా తిరుగుతోంది. ఆమె వెతుకుతున్న చోటు మా తీరంలో దొరికింది. జువ్వలదిన్నెకు దక్షిణంగా ఒక పాలెం ఉంది. ఆ పాలెం ఎదురుగా, ఒడ్డు నుంచి చూస్తే తెరచాప కనపడేంత దూరంలో, నీళ్ళ అడుగున రాళ్ళ దిబ్బ. రాళ్ళ సందుల్లో చేపలు గుడ్లు పెడతాయి. అందుకని అందరూ అక్కడే వలలు వేస్తారు. వలలు రాళ్ళకు చిక్కుతాయి, రాకపోతే కోసి వదిలేస్తారు. ఏళ్ళ తరబడి వదిలేసిన వలలన్నీ ఆ రాళ్ళ మీద చీరలు ఆరేసినట్టు ఊగుతున్నాయి. ఆమె దిగి చూసి, చేతికి దొరికిన వల ముక్క ఒకటి పట్టుకుని పైకొచ్చింది. క్రిస్మస్ దాటితే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ దారినే వస్తాయి.

ఆమెకు కావలసినవి రెండే. ఆ పాత వలలన్నీ పైకి లాగాలి. తాబేళ్ళ కాలంలో ఆ దిబ్బ మీద ఎవరూ వల వేయకూడదు. వినడానికి చిన్న కోరికలే. కానీ ఈ రెండూ ప్రభుత్వం చేతిలో లేవు. ఆ పాలెం పెద్ద కాపు నోట్లో ఉన్నాయి.

మా వైపు మత్స్యకార పాలేల్లో ఊరి పెద్దల్ని కాపులంటారు. వాళ్ళు కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. దురాయి పడిందంటే కలెక్టరు వచ్చి చెప్పినా సరే ఒక్క పడవ కూడా దాటదు. ఆ పాలెం ఒప్పుకుంటే అటూ ఇటూ ఉన్న పాలేలు కూడా ఒప్పుకుంటాయి. అందుకని ఆమె అక్కడే పాకలో కాపురం పెట్టింది. తన చిన్న తెరచాప పడవ తెప్పించుకుంది. ఇంజను లేని పడవ, ఇంజను చప్పుడుకు నీళ్ళలో జీవాలు బెదురుతాయని ఆమె పట్టుదల. వలలు కుట్టేవాళ్ళ పక్కన కూర్చుంది, ఆడవాళ్ళతో చేపలు ఎండబెట్టింది. పిల్లలు ఆమెకు 'పందెం' అని పేరు పెట్టారు. ఊరంతా పందెం అనే పిలిచింది. పెద్ద కాపు గట్టి మనిషి, ఒక పట్టాన నవ్వడు. ఆయన కూడా మెత్తబడ్డాడు. "ఏట మళ్ళా మొదలవతానే కూర్చుందాం లేమ్మా" అన్నాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధం ముగిసే రోజు దగ్గర పడుతోంది. మా పని నెరవేరినట్టేననుకున్నాం.

అక్కడ దెబ్బ తగిలింది.

నిషేధం ముగిశాక వేటకు పోయే మొదటి రోజు ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. ఆ రోజు ఇంజన్లు వేయరు. తెరచాపలతో, తెడ్లతో పోతారు. ముందు పెద్ద కాపు పడవ, దానికి పసుపు, వేపాకు, గంగమ్మ కుంకుమ. ఆయన మొదటి వల నీళ్ళలో వేశాకే మిగతావాళ్ళు ఇంజన్లు వేస్తారు, వలలు వేస్తారు. అప్పటిదాకా ఆ పడవను ఎవరూ దాటరు. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరినైనా అడగండి, ఈ సంగతి ఎప్పుడు నేర్చుకున్నావంటే చెప్పలేరు. కుడిచేత్తో అన్నం తినాలని వేరే చెప్పాలా?

పెద్ద కాపు మర్యాద చేసి ఆమెను కూడా పిలిచాడు. "నీ పడవ గూడా కట్టుకుని రామ్మా, మాతో పాటు" అన్నాడు. ఆమె పొంగిపోయింది. తెల్లచాప కట్టుకుని వచ్చింది. మా లాంచి దూరంగా నిలబెట్టుకుని నేనూ, ఖలాసీ, నిమ్మకాయ పట్టుకుని ఆఫీసరు గారూ చూస్తున్నాం. పడవలు కదిలాయి. పెద్ద కాపు పడవ నెమ్మదిగా, పెళ్ళికూతురు నడిచినట్టు పోతోంది. ఆమె పడవ గుంపులో ఎక్కడో ఉంది. ఇంతలో దక్షిణపు గాలి తిరిగింది.

ఆ తర్వాత ఆమె నాతో అన్న మాట ఇది: "నా ముందర ఒక పడవ వెనక భాగం కనబడింది సరంగన్నా. గాలి వొచ్చింది. చెయ్యి తాడు లాగేసింది. నేను లాగలా, నా చెయ్యి లాగింది." కాలేజీ రోజుల నుంచి ముందున్న పడవను దాటడమే పనిగా పెట్టుకున్న చేతులు అవి. ఒక పడవను దాటింది, ఇంకోటి దాటింది. చాప నిండుగా పొంగింది. అందం చెప్పాలంటే ఆ రోజు ఆమె పడవ నడిపినట్టు ఎవరూ నడపలేరు. నేను లాంచి మీద గంతులేస్తూ "వొద్దు, వొద్దు!" అని అరిచాను. ఆమె నా వైపు చూసి చెయ్యి ఊపింది. అరిచేవాళ్ళను చూసి చెయ్యి ఊపడం చాంపియన్లకు అలవాటు కదా. పెద్ద కాపు పడవ పక్కనుంచి రయ్యిన దూసుకుపోయి, వేట చోటుకు ముందుగా చేరి, చాప దించి, అందరూ చప్పట్లు కొడతారని వెనక్కి తిరిగింది.

ఒక్కరూ కొట్టలేదు.

సాయంత్రం ఒడ్డున కాపులు కూర్చున్నారు. ఆమె ఎదురుగా నిలబడింది. సంగతి అర్థమయ్యాక ఆమె మొహం చూడలేకపోయాం. "తెలీక చేసినాను మామా" అంది. పెద్ద కాపు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తెలీకనే చేసినావు. మాకు తెలుసు. అయినా గంగమ్మ ముందర దాటినావు. ఊరు ఊరికే ఉండేదానికి లేదు" అన్నాడు. దురాయి చెప్పాడు. ఇక నుంచి ఆమె పడవ అన్ని పడవలూ పోయాకే నీళ్ళలో దిగాలి. తిరిగి వచ్చేటప్పుడు అన్ని పడవలూ ఒడ్డెక్కాకే ఒడ్డెక్కాలి. కాపులు ఎత్తేసేదాకా ఇదే కట్టు. ఊళ్ళోవాళ్ళెవరూ ఆమెతో దిబ్బ దగ్గరికి పోకూడదు. ఆ దిబ్బ మాట ఇంక ఊళ్ళో ఎత్తకూడదు.

నాకు కడుపు మండిపోయింది. "గాలొస్తే పడవ పోదా? ఇదేం న్యాయం?" అని లేచాను. ఆఫీసరు గారు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఏ ఊరికీ మంచిది కాలేదు.

మర్నాడు ఆమె మూటా ముల్లె సర్దుకుంటుందనుకుని పాక దగ్గరికి పోయాను. ఆమె చాప చిరుగు కుట్టుకుంటోంది.

"పోలేదా?"

"యాడికి పోయేది? ఫస్టు రావడం నాకొచ్చు సరంగన్నా. లాస్టు రావడం నేర్చుకోవాల."

అది మాటల్లో తేలిక. చాంపియనుకు వెనక ఉండడం ఎంత కష్టమో ఆ వర్షాకాలం పొడుగునా చూశాను. గాలి మంచిగా ఉన్న రోజు పడవ ఆమె మాట వినేది కాదు. చాప సగం దించి, గుండ్రంగా తిరుగుతూ, ముందు పడవలు ఒడ్డెక్కేదాకా కాలక్షేపం చేసేది. ఒడ్డున చేపలు ఏరుకునే ఆడవాళ్ళకు అదొక వేడుక. "ఏంమే పందెం, ఈ పొద్దు గూడా లాస్టేనా?" అని కేకలేసేవాళ్ళు. "రేపు ఇంకా లాస్టొస్తాలే అక్కా" అని ఆమె తిరిగి అరిచేది. పెద్ద కాపు భార్య పైకి కసురుకున్నా లోపల ప్రేమ గల మనిషి. "నవ్వబాకండి మే. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు" అని ఒకరోజు వాళ్ళ నోళ్ళు మూయించింది.

వెనక వచ్చేవాళ్ళకు ముందు వాళ్ళు వదిలేసినవన్నీ కనబడతాయి. తెగిన వల ముక్కలు, నూనె డబ్బాలు, థర్మాకోలు. అన్నీ ఏరుకుని తెచ్చేది. ఎవరి తెడ్డు జారిపోయినా, ఎవరి అన్నం క్యారేజీ నీళ్ళలో పడినా సాయంత్రానికి వాళ్ళ ఇంటి ముందు ఉండేది. ఇంజను ఆగిపోయిన పడవ పక్కన అది మళ్ళీ స్టార్టయ్యేదాకా నిలబడేది. ఎలాగూ ఆమె ఆగాల్సిందే కదా. ఊరివాళ్ళు దిబ్బ మాట ఎత్తలేదు, దురాయి అలాగే ఉంది. కానీ ఆమె పాకలోకి ఇగురు గిన్నెలు రావడం మొదలైంది.

కార్తీకం వచ్చింది. తాబేళ్ళు వచ్చే రోజులు దగ్గర పడ్డాయి, ఊరి మాట మాత్రం రాలేదు. ఒకరోజు ఆఫీసరు గారు ఫోను చేశాడు. మా లాంచి ఇంజను విప్పి హార్బరులో రిపేరుకు పెట్టి ఉంది. ఆయన గొంతు నీరసంగా ఉంది.

"సరంగూ, పైనుంచి చెప్పేసినారు. ఊరు ఒప్పుకోనప్పుడు ఈ పని ఎందుకు, ఆపేసి పంపించేయండి అంటుండారు. ఆ పిల్లకి నువ్వే మెల్లగా చెప్పు. నా వల్ల కాదు."

"నా వల్ల అవుద్దా సార్?"

"నీకు కోపమన్నా ఉంది. నాకు అది గూడా లేదు" అన్నాడు పాపం.

బండి మీద పాలెం పోయాను. ఆమె అప్పటికే వేటకు పోయిన పడవల వెనక పోయింది. వచ్చాక చెప్పాలని ఒడ్డున కూర్చున్నాను. పోటీలు వదులుకుని, ఇల్లు వదులుకుని, ఇన్ని నెలలు వెనక నడిచిన పిల్లకు 'ఇంక పొమ్మన్నారు' అని ఏ నోటితో చెప్పాలా అని నాలో నేనే కుమిలిపోతున్నాను. మధ్యాహ్నం దాటాక ఈశాన్యం నల్లబడింది. గాలి లేచింది. పడవలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు పరుగెత్తుకొచ్చాయి. అలలు గోడల్లాగా లేచి విరుగుతున్నాయి. వచ్చినవాళ్ళు పడవలు పైకి లాగి వెనక్కి చూశారు. పెద్ద కాపు కొడుకు పడవ రాలేదు.

దూరంగా దిబ్బ వైపు ఆమె తెల్లచాప ఒక్కటే కనబడుతోంది. రావడం లేదు, అక్కడే అటూ ఇటూ తిరుగుతోంది.

నేను పెద్ద కాపు మీదకు పోయాను. "మీ దురాయి చల్లగుండ! అందరూ ఒడ్డెక్కితే గానీ రాగూడదని ఆ పిల్ల అక్కడ కూర్చుంది. రమ్మని చెప్పండి! పిల్ల చచ్చిపోతే ఊరు బాగుపడుద్దా?" అని అరిచాను.

పెద్ద కాపు నా వైపు చూడలేదు. ఆయన కళ్ళు ఆ చాప మీదే ఉన్నాయి. మెల్లగా అన్నాడు: "అరవబాక సరంగూ. ఆ చాప ఆడుందంటే మావోడు ఆడుండాడు. మావోడు లేకపోతే ఆ యమ్మకి ఆడేం పని?"

నిజమే. పడవ అలల్లో కిందికి ఉంటుంది, ఒడ్డుకు కనపడదు. ఆమె చాప ఒక్కటే కనబడుతుంది. ఆ చాప అక్కడ ఉన్నంతసేపూ వెనక ఇంకా ఎవరో బతికి ఉన్నట్టు.

ఇక ఒడ్డున మేమున్న పరిస్థితి చూడండి. నేను ఆ చాప ఒడ్డుకు రావాలని కోరుకుంటున్నాను. నా పక్కన పెద్ద కాపు భార్య కొంగు నోట్లో కుక్కుకుని, "రాబాక మే, వోణ్ణి ఒదిలిపెట్టి రాబాక మే" అని గొణుగుతోంది. ఒకే చాపను చూస్తూ ఇద్దరం వేరు వేరు కోరుకుంటున్నాం. కుర్రాళ్ళు పడవ దించబోయారు, మొదటి అలకే తిరగబడింది. ఫోను చేశాం, హార్బరు నుంచి బోటు బయల్దేరిందన్నారు. అది వచ్చేది ఎప్పుడు?

అంతలో చాప మాయమైంది.

ఉన్నట్టుండి లేదు. సముద్రం, మబ్బు, అంతే. ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. పెద్ద కాపు భార్య నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఆమె గంగమ్మ తల్లీ అంటోంది, నేను ప్రభువా అంటున్నాను. ఎవరి మొర ఎవరు విన్నారో నాకు ఇప్పటికీ తెలీదు. ఎంతసేపు అలా నిలబడ్డామో కూడా తెలీదు. పెద్ద కాపు మాత్రం నీళ్ళలోకి దిగి మోకాటి లోతులో నిలబడిపోయాడు.

చాప మళ్ళీ లేచింది. "అదిగో!" అని ఎవరో అరిచారు. లేచి, ఒడ్డు వైపు తిరిగింది. చాప ఒడ్డుకు తిరిగిందంటే అర్థం ఏమిటి? వాడు దొరికాడా, లేక ఇంక లేడని వచ్చేస్తోందా? నాకు ఆ క్షణంలో, ఒట్టు, ఆ చాప వస్తున్నందుకు భయం వేసింది.

అల ఒకటి విరిగింది. దాని వెనక, చాపకు ముందు, నీలం రంగు పడవ ముక్కు పైకి లేచింది. ఇంజను పొగ. అందులో మనుషులు.

ఏడుపులన్నీ అరుపులయ్యాయి. కొడుకు పడవ ఒడ్డు తగలగానే తల్లి వాణ్ణి వాటేసుకుని, ఏడుస్తూ వీపు మీద బాదింది. వాడు వణుకుతూ చెప్పాడు. దిబ్బ మీది పాత వల తేలి వచ్చి ఇంజను రెక్కలకు చుట్టుకుంది. ఇంజను ఆగింది, లంగరు నిలవలేదు, పడవ అలలకు అడ్డం తిరిగింది. ఆమె వచ్చి చాప దించి, తన పడవను వాళ్ళ పడవకు కట్టి, కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. మునుగుతూ, లేస్తూ, ఆ వలను ముక్కలు ముక్కలుగా కోసింది.

"అక్కా, మా పడవెక్కు, నీది తాడు కట్టి లాక్కుపోతాం అన్నానన్నా" అన్నాడు వాడు నాతో. "ఎక్కలా. నేనెక్కితే మీతో పాటు వొచ్చినట్టు అవుద్ది, మీ నాయన మాట తప్పినట్టు, పోండి ముందు అనింది. నవ్వతా అనింది అన్నా!"

విన్నారా? ప్రాణం మీదికొచ్చినప్పుడు దురాయి! దొరికితే రెండు తగిలించాలన్నంత కోపం వచ్చింది నాకు. అదే సమయంలో కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

ఆమె పడవ ఆఖరి అల దాటింది. ఆమె దిగకముందే పెద్ద కాపు ఛాతీ లోతుకు నడిచిపోయి ఆ పడవ తాడు పట్టుకున్నాడు. ఆయన ఎవరి పడవ తాడూ పట్టగా నేను చూడలేదు, ఊళ్ళోవాళ్ళూ చూడలేదట. తానే లాగి ఒడ్డెక్కించాడు. ఆమె చేతులు కోసుకుపోయి ఉన్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. పడవ నిండా కోసిన వల. పెద్ద కాపు ఆ వల ఒక కొస పట్టుకుని, ముడి చూసి, "ఇది మనదే" అని కింద పెట్టేశాడు.

తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు. "దురాయి ఎత్తేస్తుండాం. ఇంక నీ ఇష్టం అమ్మా. ముందర పోతావో, మధ్యలో పోతావో, పో."

ఆమె దుప్పటి కప్పుకుని వణుకుతోంది. మాట సరిగా రావడం లేదు.

"ఎత్తేయబాక మామా. అది అట్నే ఉండనీ."

"ఏందమ్మా?"

"వెనక ఎవరో ఒకరు ఉండాల గదా మామా. నేనుంటా. దాన్ని ఎత్తేసే బదులు ఇంకోటి పెట్టు. ఆ దిబ్బ మీద."

నడివయసులో మగవాడు నలుగురిలో ఏడవకూడదని ఎవరో చెప్పి ఉంటారు, పెద్ద కాపు ఆ మాట వినలేదు, ఏడ్చేశాడు. అక్కడికక్కడే, తడి గుడ్డలతోనే, కాపుల్ని పిలిచి కూర్చున్నాడు.

నేను మోసుకొచ్చిన ఆఫీసరు గారి మాట చెప్పే అవసరం నాకు రాలేదు. రాత్రికి ఫోను చేసి సంగతి చెబితే ఆయన సంతోషం పట్టలేక, వాంతులు ఖాయమని తెలిసి కూడా, వలలు లాగే రోజు లాంచి మీద నేనూ వస్తానన్నాడు. వచ్చాడు. నిమ్మకాయలు చాలలేదు. ఊరి పడవలన్నీ దిబ్బ చుట్టూ నిలబడి ఆ వలల్ని లాగాయి. ఆ ఏడాది నుంచి తాబేళ్ళ కాలంలో ఆ దిబ్బ మీద వల పడలేదు, పక్క పాలేల వాళ్ళు కూడా వేయలేదు. ఆమె తర్వాత పులికాట్ దాకా పోయింది, ఎక్కడెక్కడో తిరిగింది, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. పాలెంలో ఉన్న రోజుల్లో మాత్రం ఎప్పుడూ అందరి వెనకే పోయింది, అందరి వెనకే వచ్చింది.

పోయిన ఏడాది రక్తంలో ఏదో జబ్బన్నారు. ఇంత చిన్న వయసులో. ఆసుపత్రిలో చూడటానికి పోతే నా కోపం గురించే జోకులేసి నన్ను నవ్వించి పంపింది. నాకు ఆ దేవుడితో తగువు ఇంకా తీరలేదు.

సభ అయిన తర్వాతి వారం పాలెం పోయాను. పెద్ద కాపు ఇప్పుడు వేటకు పోవడం లేదు, ఇసక మీద కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. పక్కన కూర్చున్నాను. పొద్దు వాలింది, పడవలు రావడం మొదలైంది. అప్పుడు అన్నాడు.

"మావోళ్ళని చూడు సరంగూ. పడవ పైకి లాగే ముందర ఒక తూరి వెనక్కి తిరిగి చూస్తారు, ఆ యమ్మ వొస్తుందా అని. లేదని తెలుసు. అయినా చూడకుండా ఒక్కడు గూడా పడవ లాగడు."

చూశాను. ఒక్కొక్క పడవ ఒడ్డు తగిలింది. మోకాటి లోతు నీళ్ళలో దిగి, తాళ్ళు చేత్తో పట్టుకుని, ఒక్కొక్కరూ వెనక్కి తిరిగారు. నేనూ తిరిగాను.